అన్నయ్య ఇంజన్‌కి నాలుగు చక్రాల స్టాండు

నిరుడు పోయిన మా అన్నయ్య పాత కారును తుక్కుకిచ్చేసి ఇంజన్ మాత్రం ఉంచుకున్నాను. దానికో స్టాండు కొందామని ఇవాళ క్లయింటు కాల్ ఎగ్గొట్టి, సనత్‌నగర్‌లో ఆయన మెకానిక్ యూసుఫ్ భాయ్ దగ్గరికి వెళ్లాను.

"అమ్మేదాకనే అయితే మూడు చక్రాలది చాలు. ఉంచుకుంటవా?"

"ఉంచుకుంటాను భాయ్."

"అయితే నాలుగు చక్రాలది తీస్కో, ఒరగదు. ప్లగ్గులు తీసి వారానికోసారి చేత్తో తిప్పు. లేకుంటే లోపల బిగుసుకుపోయి పట్టేస్తది."

సాయంత్రం అమీర్‌పేటలో మా ఇంటి వరండాలో ఇంజన్‌ని స్టాండుకెక్కించి, ప్లగ్గులు తీసి, పానా వేసి తిప్పాను. ప్లగ్గు రంధ్రంలోంచి ఉస్సుమని గాలి నా చెంపకు తగిలింది. ఇల్లంతా అన్నయ్య చొక్కాల ఆయిల్ వాసన.

వంటింట్లోంచి వదిన, అన్నయ్య ఇంటికొచ్చినప్పుడు అడిగినట్టే, "వచ్చారా?" అంది.



వారానికోసారి అన్నాడు భాయ్. నేను రేపే తిప్పేలా ఉన్నాను. మీరైతే ఆగగలరా?