చవితి చంద్రుడూ సిస్టరమ్మ రేకులూ

నా పెళ్ళి కుదిరీ కుదరని రోజులవి. డెబ్బైల చివర. మదనపల్లెలో కొత్తగా సైన్సు అయ్యవారి ఉద్యోగంలో చేరి, ఒక మిద్దె ఇంట్లో అమ్మతో ఉంటున్నాను. కుప్పంలో ఒక అమ్మాయిని చూసి వచ్చాం. చూసినప్పటినుంచీ నాకు అన్నం సహించడం లేదు, అంతగా నచ్చింది. వాళ్ళ నాన్న మాత్రం "విచారించుకొని సెప్తాం" అన్నాడు. ఆ విచారణేదో ముగిసేదాకా బుద్ధిగా ఉండి ఉంటే నా సొమ్మేం పోయేది?

ఉండలేదు. వినాయక చవితి వచ్చింది. ఆ రోజు చంద్రుణ్ణి చూస్తే చేయని తప్పుకు నింద మోయాలని, పొద్దు గూకకముందే వీధివీధంతా కిటికీలు మూసుకున్నారు. నేను బి.యస్సీ. చదివిన మొనగాణ్ణి కదా! బడిపిల్లల్ని పోగేసుకుని మిద్దె ఎక్కాను.

"సూడొద్దురా నాయనా, పెండ్లి కావాల్సినోడివి!" అని అమ్మ కిందనుంచి మొత్తుకుంది.

"అంత సముద్రాన్ని లాగే సందమామకు నా పరువు లాగే తీరిక ఉంటాదామ్మా?"

"సముద్రాన్నే లాగేటోడికి నీ పరువొక లెక్కా?"

నేను గబుక్కున పిల్లలవైపు తిరిగాను.

పడమట సన్నటి చంద్రవంక కనిపిస్తోంది. చంద్రుడిలో సగం ఎప్పుడూ ఎండలోనే ఉంటుందని, అతను మన చుట్టూ తిరిగేకొద్దీ ఆ సగంలో మనకు కనబడే వాటా మారుతుందని, కళలంటే అంతేనని చెప్పాను. భూమి లాగుతుంటే అతను మనవైపు పడుతూనే ఉంటాడనీ, పక్కకు పరిగెత్తే వేగం ఉండబట్టి మన నెత్తిన పడకుండా చుట్టూ తిరుగుతున్నాడనీ చెప్పాను. అతనూ ఊరుకోడు, మన సముద్రాల్ని లాగుతాడు, ఆటుపోట్లు అందుకే వస్తాయన్నాను. సముద్రం వాళ్ళూ చూడలేదు, నేనూ చూడలేదు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

"సందమామ ఎప్పుడూ ఒక మొగమే సూపిస్తాడని బళ్ళో అంటిరే, యాల సార్?" అని ఒక పిల్ల అడిగింది.

ఆ పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టి, నువ్వు భూమివన్నాను. నేను చంద్రుణ్ణై, ఆ పిల్లకేసే ముఖం పెట్టి చుట్టూ తిరిగాను. అలా ఒక చుట్టు పూర్తయ్యేసరికి నా చుట్టూ నేనూ ఒకసారి తిరిగినట్టేనని చూపించడం నా ఉద్దేశం. పిల్లలు చప్పట్లు కొట్టారు. చప్పట్లు వింటే నాకు ఒళ్ళు తెలియదు. వేగం పెంచాను. కళ్ళు తిరిగి, తూలి, పిట్టగోడ మీద పడబోతుంటే పిల్లలు రెండు రెక్కలూ పట్టుకుని ఆపారు.

సరిగ్గా అప్పుడే, పుంగనూరు బస్సు కోసం మా వీధిన పోతున్న పెళ్ళికూతురి మేనమామ, చంద్రుడు కంట పడతాడేమోనని దించుకున్న తలను మా గోలకు పైకెత్తాడు.

రెండు రోజుల్లో కబురొచ్చింది. "పిల్లోడు తాగి మిద్దె మింద తూలతా ఉండాడంట. పిలకాయలు పట్టుకొని నిలబెట్టినారంట. మేం మళ్ళీ విచారించుకోవాల."

చుక్క ముట్టని నాకు ఇదేం ఖర్మ! అమ్మ ఒక్కటే మాటంది. "పక్కింటి మింద రాయేసి రా పో."

చవితి చంద్రుణ్ణి చూసినవాడు పక్కింటి కప్పు మీద రాయి వేస్తే, వాళ్ళు బయటికొచ్చి నోరారా తిడతారు. ఆ తిట్లతో నింద తీరిపోతుంది. అదీ అమ్మ నమ్మకం. "ఛీ, సైన్సు అయ్యవారినమ్మా నేను!" అన్నాను. మసక చీకటి పడగానే పోయి వేశాను.

పక్కింట్లో ఉండేది మిషన్ ఆస్పత్రిలో నర్సు పని చేసి రిటైరైన పెద్దావిడ. వీధంతా సిస్టరమ్మ అనేవాళ్ళం. ఆమెది రేకుల ఇల్లు. చంద్రుడికున్న పక్కవేగం నా రాయికి లేదాయె, నిట్టనిలువునా పడి వీధి దద్దరిల్లింది. ఆమె లాంతరు పట్టుకుని వచ్చింది.

"ఎవురప్పా అది? అయ్యవారా! దెబ్బేం తగల్లేదు గదా?"

"లేదమ్మా. రాయేసింది నేనే. కొంచెం తిట్టండి."

"నేను ఎవుర్నీ తిట్టనప్పా," అని లోపలికి పిలిచి కాఫీ ఇచ్చి, సంగతంతా రాబట్టింది.

"కాపీ తాగొచ్చినావా! తిట్టించుకునేదానికి గూడా సాతగాదు నీకు," అని అమ్మ తల బాదుకుంది.

ఆదివారం చర్చి విడిచే వేళకు పెళ్ళికూతురి తండ్రి వచ్చాడు. మా ఇంటికి కాదు, నా గురించి విచారించడానికి తిన్నగా సిస్టరమ్మ ఇంటికే పోయాడు. అమ్మా నేనూ గోడకు చెవులానించి నిలబడ్డాం. ఆ అమ్మాయి నాకు దక్కదేమోనని ఒకటే దిగులు.

"తాగుతాడామ్మా?" అని అడిగాడాయన.

"తాగడప్పా. తాగినోడికి కొంచేపన్నా దైర్నం ఉంటాది. ఈయనకు అది గూడా లేదు. సందమామ ఏం సెయ్యడని పిలకాయలకు సెప్తాడు, మళ్ళ వాళ్ళమ్మ మాటిని నా రేకుల మింద రాళ్ళేస్తాడు. తిట్టమని బతిమాలతాడు."

నా తల నేలకు వాలింది. అమ్మ మాత్రం నా భుజం గిల్లి, "తిట్టిందిరా, తిట్టింది!" అని గుసగుసగా మురిసిపోయింది. గోడకవతల ఆయన పడీపడీ నవ్వాడు.

"అట్లయితే సరేమ్మా. మా బిడ్డకు దైర్నం జాస్తి. ఇద్దరికీ సాలుతాది."

పెళ్ళయింది. నా పెళ్ళాం ఏకాంతంలో నాతో ఆడిన మొదటి మాట ఇది:

"పిలకాయలకు సెప్పిండేది నిజమా, రాయి ఏసిండేది నిజమా?"

అబద్ధమాడాలనిపించలేదు. రెండూ నిజమేనన్నాను.