దొంగజేబు

మా ఆయన కటింగ్ మాస్టరు. గుడ్డను బల్ల మీద పరిచి, అరచేత్తో ముడతలు తోసేసి, సుద్దముక్కతో గీసుకుని కత్తెర ఆడించడం మొదలుపెడితే ఎవరు పిలిచినా పలికేవారు కాదు. ఇంట్లో మాత్రం పిలవకుండానే పలికేవారు. కూరగిన్నె మూత చప్పుడైతే చాలు, "ఆఁ, వస్తున్నా" అంటూ వచ్చేసేవారు. ఆయన పోయి ఇంకా ఏడాది నిండలేదు. ఆయన గురించి నాలుగు ముక్కలు రాసిపెట్టమని మా చెల్లెలు పోరుతోంది. నా చదువు అంతంతమాత్రం. తెలిసింది తెలిసినట్టు రాస్తాను.

మంచిమనిషి అని అందరూ అంటారు. నిజమే. కానీ ఎవరైనా ఎదురుగా ఆ మాట అంటే ఆయన చెప్పుల వంక చూసుకునేవారు. సిగ్గనుకునేవాళ్ళు జనం. సిగ్గు కాదది.

ఆయనకు పని నేర్పింది కాజాల బాబాయి. మాకు చుట్టమేమీ కాదు. బొత్తాల కాజాలు చేత్తో కుట్టడంలో అతని తర్వాతే ఎవరైనా, అందుకని ఆ పేరు. బాబాయి అని ఊరంతా పిలిచేవాళ్ళు. సూది పట్టుకోవడం దగ్గర్నుంచి మా ఆయనకు అన్నీ నేర్పాడు. తన అలవాటు కూడా ఒకటి అంటించాడు. గుడ్డ కోయగా మూలన మిగిలే పేలికను పారేసేవాడు కాదు. ప్యాంటు నడుము పట్టీ లోపల దాన్ని చిన్న సంచిలా కుట్టేసేవాడు. దొంగజేబు. కుట్టించుకున్నవాళ్ళకు చెప్పేవాడు కాదు. ఎప్పుడో వేలు తగిలి వాళ్ళే కనుక్కుని, నవ్వుకుంటూ కొట్టుకి వచ్చేవాళ్ళు.

"అడక్కుండా ఎందుకు కుట్టావు బాబాయ్?" అంటే, "అడిగి కుడితే అది దొంగజేబు ఎలా అవుతుందిరా?" అనేవాడు.

రెడీమేడ్ బట్టలొచ్చి కొట్టు దెబ్బతిన్నాక, ఇద్దరూ ఒక సినిమా కంపెనీలో కుదిరారు. ఊరి చివర పాత గోడౌనులో కుట్టుపని. ఆ కంపెనీవాళ్ళు ఒక నవలను సినిమాగా తీస్తున్నారు. మొదటిరోజు డైరెక్టరు గారే వచ్చి, కుట్టేవాళ్ళందరినీ కూర్చోబెట్టి కథ చెప్పారట. అన్నం తింటూ మా ఆయన నాకు చెప్పారు.

అదొక నగరం. అక్కడ సర్కారుకి తెలియనిదేదీ ఎవరి దగ్గరా ఉండకూడదు. అందరూ ఒకే బూడిదరంగు బట్టలు వేసుకోవాలి, వాటికి జేబులుండవు. ఒక కుట్టుపనామె, చచ్చిపోయిన తన బిడ్డ ఫొటో దాచుకోవడానికి బట్టల్లో ఒక్క జేబు కుట్టుకుంటుంది. పక్కగదివాడు చూస్తాడు. సర్కారు వాళ్ళు వచ్చి అడిగితే, వేలు చూపిస్తాడు. ఆమెను తీసుకుపోతారు.

"జేబు కుట్టినందుకేనా?" అన్నాను.

"అందుకే."

"అయితే ఆ ఊళ్ళో మిమ్మల్నీ బాబాయినీ మొదటిరోజే లోపల వేసేస్తారు."

పొలమారేలా నవ్వారు. ఆ నవ్వు నాకిప్పటికీ చెవిలో ఉంది.

పని బాగానే సాగింది. బూడిదరంగు తానులు వస్తున్నాయి, జతలు వెళ్తున్నాయి. ప్రొడక్షన్ మేనేజరుకి గంటాయన అని పేరు పెట్టారు కుట్టేవాళ్ళు, ఏదడిగినా గంటలో కావాలంటాడు కాబట్టి. పెద్ద గుంపు సీను తీసే ముందురోజు గుంపు చాలదనిపించి, ఇంకొన్ని జతలు కావాలని పరిగెత్తుకొచ్చాడట. మిగతావాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయారు. మా ఆయనే కోసి, మా ఆయనే కూర్చుని కుట్టారు. ఒళ్ళు అలిసిపోయింది, ధ్యాస ఎక్కడో ఉంది. చేతులు మాత్రం వాటి దారిన అవి పోయాయి. మూలన పేలిక కనపడింది, దొంగజేబు పడింది. ప్రతి ప్యాంటుకీ పడింది. ఆయనకు తెలియనే తెలియదు.

మర్నాడు మైదానంలో షూటింగ్. వందలమంది జనం బొమ్మల్లా నిలబడ్డారు. ఎత్తు మీద నిలబడి నాయకుడు ఉపన్యాసం ఇస్తున్నాడు. భయంతో ఎవరి రెప్పా ఆడకూడదు. ముందు వరసలో ఒకతను తాపీగా నడుములోకి వేలు పెట్టి, పిప్పరమెంటు బిళ్ళ తీసి నోట్లో వేసుకున్నాడు.

డైరెక్టరు గారు ఆపమని అరిచారు. "జేబుల్లేని ఊళ్ళో పిప్పరమెంటు ఎక్కడిదయ్యా నీకు?"

"నా ప్యాంటులో ఉందండీ జేబు," అన్నాడు అతను సంతోషంగా. పక్కవాడు తడుముకుని, "నాకూ ఉందండోయ్" అన్నాడు. ఇంకొకడు జేబు బయటికి లాగి చూపించాడు. గుంపంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వులు సర్దుకునేలోపు మబ్బు కమ్మేసింది. ఆ రోజు షూటింగ్ మొత్తం గంగపాలు.

గంటాయన గోడౌనుకి వచ్చాడు. "ఎవడండీ ఈ జేబుల పెద్దమనిషి? ఈరోజే ఇంటికి పంపించమన్నారు."

మిషన్లన్నీ ఆగిపోయాయి. మా ఆయన చేతిలో కత్తెర ఉంది. "ఆ అలవాటు బాబాయిదండీ" అన్నారు. అంటూ, కత్తెర మొనతో బాబాయి కూర్చున్న వైపు చూపించారు.

బాబాయి కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకున్నాడట. మా ఆయన ముఖంలోకి ఒకసారి చూశాడట. "అలవాటు నాదే," అని సూదిడబ్బా మూతపెట్టుకుని లేచాడు.

ఆ సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చి, "బాబాయిని తీసేశారు" అన్నారు. అంతే చెప్పారు. నేను గిన్నె మూత తీశాను. ఆయన రాలేదు.

ఆ తర్వాత మా ఆయన, బాబాయి ఉండే వీధి మీదుగా పనికి వెళ్ళడం మానేశారు. చుట్టూ తిరిగి మార్కెట్టు వెనకనుంచి వెళ్ళేవారు. "బాబాయిని చూసొద్దామా?" అని నేనంటే, పని ఉందనేవారు. పెద్దాయన పని పోయి బాధలో ఉన్నాడు, ఈయన మొహం చూడలేకపోతున్నారు అనుకున్నాను. నేననుకున్నది సగమే నిజం.

సినిమా విడుదలైంది. పనిచేసినవాళ్ళకు పాసులిచ్చారు. మధ్యాహ్నం ఆటకు వెళ్ళాం. తెరమీద ఆ బూడిద బట్టలు నడుస్తుంటే, "అదిగో, ఆ కాలరు మీదే" అని చెవిలో అన్నాను. పక్కగదివాడి సీను వచ్చింది. సర్కారు మనుషులు అడిగారు. వాడు వెంటనే చెప్పడు. గోడవంక చూస్తాడు, నేలవంక చూస్తాడు, ఆ తర్వాత మెల్లిగా చెయ్యెత్తి ఆమె తలుపు చూపిస్తాడు. హాల్లో అందరూ "ఛీ" అన్నారు. నేనూ అన్నాను. తిరిగి చూస్తే మా ఆయన కుర్చీలో లేరు.

బయట మెట్లమీద కూర్చుని ఉన్నారు. అప్పుడు చెప్పారు మొత్తం.

"నేను అబద్ధం కూడా ఆడలేదు. అలవాటు బాబాయిదే కదా. అదే నన్ను తినేస్తోంది. అబద్ధమాడి ఉంటే కనీసం అబద్ధమాడానని అయినా అనుకునేవాణ్ణి."

లోపలనుంచి చప్పట్లు వినపడ్డాయి. బయటికొస్తున్న ఒకాయన, "ఆ పక్కగది వెధవని బాగా కాల్చేశారు" అంటున్నాడు. మా ఆయన తలెత్తి, "వాణ్ణి చంపేశారా?" అని అడిగారు. "చంపకేం చేస్తారు?" అన్నాడాయన.

ఆ సినిమా ఆడింది. అలాంటిదే ఇంకో నవలను సినిమా తీయడానికి కంపెనీ సిద్ధపడింది. కుట్టుపని అంతా మీదే, మనుషుల్ని మీరే పెట్టుకోండి అని గంటాయన కబురుపెట్టాడు. మర్నాడు పొద్దున్నే మా ఆయన ఆఫీసుకి వెళ్ళారు. నన్నూ రమ్మన్నారు. ఎన్నడూ పనిచోటికి నన్ను తీసుకెళ్ళని మనిషి. నేను పక్కన ఉంటే వెనక్కి తిరగలేరని కాబోలు.

డైరెక్టరు గారు, గంటాయన టీ తాగుతున్నారు. మా ఆయన నిలబడే చెప్పారు. "ఆ జేబులు కుట్టింది బాబాయి కాదండీ, నేను. ఆయన్ని అన్యాయంగా పంపేశారు. పంపించింది నేనే."

గంటాయన నవ్వాడు. "ఏ జేబులు మాస్టారూ? ఓ, ఆ పిప్పరమెంటు గోలా! సినిమా వచ్చేసింది, పోస్టర్లు కూడా చిరిగిపోయాయి. ఇప్పుడెవడిక్కావాలండీ? మీ బాబాయిని తెచ్చుకుంటారా, తెచ్చుకోండి."

అంత తేలిగ్గా తీసేస్తారని ఆయన అనుకోలేదు. తిడతారనో, పొమ్మంటారనో వచ్చిన మనిషి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, డైరెక్టరు గారిని ఒక్కటడిగారు.

"అయ్యా, పుస్తకంలో కూడా ఆ పక్కగదివాణ్ణి చంపేస్తారా?"

"లేదు మాస్టారూ. పుస్తకంలో వాడికేం కాదు. రోజూ ఆమె గది ముందునుంచే పనికి వెళ్తాడు, వస్తాడు. చివరిదాకా అంతే. సినిమాకి అది ఆనదు కదా, జనం ఊరుకోరు. అందుకని కాల్పించేశాం."

"పుస్తకం రాసినాయనకి తెలుసు," అన్నారు మా ఆయన. నమస్కారం పెట్టి వచ్చేశాం.

అక్కణ్ణుంచి నేరుగా బాబాయి ఇంటికి. చాలాకాలం తర్వాత ఆ వీధిలో అడుగుపెట్టారు. బాబాయి గుమ్మంలో కూర్చుని, వెలుతురుకి ఎత్తిపట్టి సూదిలో దారం ఎక్కించుకుంటున్నాడు. ఎక్కట్లేదు. మా ఆయన వంగి, సూది తీసుకుని, ఎక్కించి ఇచ్చారు. ఇచ్చి, చెప్పారు.

"తెలుసురా," అన్నాడు బాబాయి. "నీ కుట్టు నేనెరగనా? నేర్పిందెవడు?"

"మరి ఎందుకు ఊరుకున్నావు బాబాయ్?"

"నువ్వు కత్తెర చూపించేశావు. నేను కాదంటే నిన్ను పంపేస్తారు. నీకు ఇల్లూ సంసారమూ ఉన్నాయి. పైగా, ఆ గంటాయన గుమ్మం దాటేలోపు నువ్వే నోరు తెరుస్తావనుకున్నా. నేను మెల్లిగానే లేచానురా. డబ్బా మూత కూడా మెల్లిగానే పెట్టుకున్నా."

మా ఆయన అక్కడే కింద కూలబడ్డారు. "మళ్ళీ రా బాబాయ్. ఒప్పుకున్నారు వాళ్ళు."

"ఈ కళ్ళతోనా? సూదే కనపడి చావట్లేదు. ఆ రోజుల్లో అయితే ఇంకో రెండు సినిమాలు కుట్టేవాణ్ణి." తర్వాత నా వైపు తిరిగి, "ఏమ్మాయ్, నిలబడే ఉన్నావేం? టీ పెట్టు, పంచదార పైఅరలో ఉంది," అన్నాడు.

టీ తాగాం. బాబాయి కోపగించుకోలేదు, క్షమించానని కూడా అనలేదు. మా ఆయన ఆ రెంటిలో ఏదో ఒకటి దొరుకుతుందని వెళ్ళారు.

ఆ మర్నాటినుంచి చుట్టుదారి మానేశారు. రోజూ బాబాయి గుమ్మం ముందునుంచే పనికి వెళ్ళేవారు, వచ్చేవారు. ఆగి, ఆ పూటకు కావలసినన్ని సూదుల్లో దారాలు ఎక్కించి పెట్టి వెళ్ళేవారు. వీధిలోవాళ్ళకు బాబాయి కాజాలు కుట్టిపెట్టేవాడు. ఇద్దరూ సరదాగానే మాట్లాడుకునేవారు. ఇంటికొచ్చాక మాత్రం మా ఆయన మాట్లాడేవారు కాదు.

ఇంకొకటి మానేశారు. దొంగజేబు కుట్టడం. "మాస్టారూ, మా జేబేదీ?" అని, ఇంటికొచ్చి కుట్టించుకునే పాతవాళ్ళు తగువుకొచ్చేవాళ్ళు. "గుడ్డ సరిపోలేదు" అనేవారు. మూలన మిగిలిన పేలికలు ఒక మూటలో వేసేవారు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. బాబాయి అలా చేయమన్నాడనుకున్నాను. అదొక శిక్ష, ఇద్దరి మధ్యా ఒప్పందం, మధ్యలో నేనెవరిని అనుకున్నాను.

మా ఆయన పోయాక బాబాయి వచ్చాడు, ఎవరో చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తే. చూపు పూర్తిగా పోయింది. వాడి బట్టలేవైనా ఉంటే ఇవ్వమ్మా అన్నాడు. దండెం మీదున్న ప్యాంటు తెచ్చి ఒళ్ళో పెట్టాను. వేళ్ళతో కుట్టు వెంబడే పోయాడు, అంచు, మడత, నడుము పట్టీ. పట్టీ లోపలికి వేలుపెట్టి ఈ చివరినుంచి ఆ చివరికి తడిమాడు. మళ్ళీ తడిమాడు.

"ఏదమ్మా?"

"మానేశారు బాబాయ్. నీ దగ్గరికి వచ్చి చెప్పినప్పట్నుంచీ కుట్టలేదు. తన బట్టలకి కూడా."

"అదేం? నేను మానమనలేదే!"

ఇన్నేళ్ళూ ఇంట్లో ఒక మూలన పేలికల మూట పెరుగుతూనే ఉంది. నేను బాబాయి దగ్గరికి వెళ్ళి ఒక్క మాట అడిగి ఉంటే, వచ్చి ఈయనకు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

"పిచ్చి సన్నాసి," అన్నాడు బాబాయి. ప్యాంటు ఇంకా ఒళ్ళోనే ఉంది. చెయ్యి చాచి, "వాడి పేలికలేమైనా మిగిలాయా? ఒకటివ్వు. సూదిలో దారం నువ్వే ఎక్కించాలి," అన్నాడు.

ఎక్కించి ఇచ్చాను.