గల్లీకి వినపడని పెట్టె

ఆ రోజుల్లో మా ఊళ్ళో దుకాణం షట్టరుకు మూడు స్థితులుండేవి. పూర్తిగా పైకి ఉంటే వ్యాపారం, పూర్తిగా కిందికి ఉంటే బంద్, మోకాలెత్తున ఆగి ఉంటే బంద్‌లో వ్యాపారం. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపందుకున్న ఆ యేళ్ళలో మూడోదే ఎక్కువ. నల్లకుంటలో మా నాన్న కిరాణా దుకాణంలో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి (పుట్టింది ఆసుపత్రిలోనే లెండి, బారసాల మర్నాటి నుంచీ కందిపప్పు బస్తాల మీద పడుకోబెట్టారట) షట్టరు కిందనుంచి దూరి వచ్చే మనిషి మొహం చూసి అతనికి ఉప్పు కావాలో, పప్పు కావాలో, అప్పు కావాలో చెప్పగలిగేవాణ్ణి. ప్రతి వస్తువుకూ చెప్పే ధర ఒకటి, ఇచ్చే ధర ఒకటి ఉంటాయనీ, ఆ రెంటి నడుమ ఖాళీలోనే మనిషి తెలివి కాపురముంటుందనీ నమ్మేవాణ్ణి. అలాంటివాడు స్టీల్ గిటార్ నేర్చుకోవడానికి ఎందుకు పోయాడంటే, దానికీ కారణం బేరమే. నేర్పే ఆయన ఫీజు వద్దన్నాడు.

ఆయన్ని మాస్టారూ అని పిలిచేవాణ్ణి. గోదావరి జిల్లా నుంచి ఎప్పుడో గుమాస్తా ఉద్యోగానికి వచ్చి, రిటైరై, తార్నాకలో ఒక గల్లీలో రెండు గదుల ఇంట్లో ఒంటరిగా ఉండేవారు. ఆదివారం చర్చిలో వాయించేవారు, మిగతా రోజులు ఇంట్లో వాయించేవారు. స్టీల్ గిటార్‌ని పసిపిల్లను పడుకోబెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో తీగలు మీటుతూ, ఎడమచేత్తో వేలెడంత ఇనుప కడ్డీని వాటి మీద జారుస్తారు. ఆ కడ్డీ ఎక్కడ ఆగితే అక్కడ స్వరం. నా కడ్డీ ఎక్కడా ఆగేది కాదు. స్వరం దాటిపోయి, తప్పు తెలిసి, నసుగుతూ వెనక్కి వచ్చేది. "జారడం కాదు నాయనా, చేరడం" అనేవారు మాస్టారు. నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎం.కాం. చదువుతున్నానన్న మాటే గానీ, క్లాసులు జరిగిన రోజులకన్నా బాష్పవాయువుకి కళ్ళు మండిన రోజులే ఎక్కువ. అందుకని సాయంత్రం ఐదింటికల్లా మాస్టారింట్లో ఉండేవాణ్ణి. నేను వాయిస్తుంటే ఒక్కోసారి గోడ అవతల ఎవరో నవ్వినట్టు వినపడేది. టీవీ అనుకునేవాణ్ణి.

ఆ గోడ అవతలి ఇంట్లో ఒక తల్లీ కొడుకూ ఉండేవారు. ఆమె క్యాంపస్ మెస్సులో రొట్టెలు చేసేది. కొడుకు గ్రూప్స్ పరీక్షలకు చదువుతుండేవాడట. నేను అతన్ని చూసింది ఫ్లెక్సీ మీదనే. రాష్ట్రం కోసమంటూ ఆ అబ్బాయి తన ప్రాణం తానే తీసుకున్నాడని తెలిసిన మర్నాడు గల్లీ మొదట్లో అది కట్టారు. పరీక్ష దరఖాస్తు కోసం దిగిన ఫొటోనే అంత పెద్దది చేశారు. మెడదాకా గుండీ పెట్టుకుని, ఫొటోగ్రాఫర్ నవ్వొద్దంటే ఆపుకున్న మొహం.

గల్లీలో ఉద్యమం పనులన్నీ చూసే కుర్రాణ్ణి అందరూ మైకన్న అనేవారు (చేతిలో మైకు లేనప్పుడు కూడా గుప్పిట మూతి దగ్గరే ఉండేది). అతను ఆ సాయంత్రం మాస్టారి గుమ్మంలో నిలబడి, కిందికి చూస్తూ అన్నాడు: "సారూ, మిమ్మల్ని గీడ ఎవరు ఏమనరు. గని గోడకు గోడ ఇల్లు. జర సమజ్ చేస్కోండ్రి."

"అయ్యో బాబూ, నువ్వొచ్చి చెప్పాలా? అప్పుడే గిటారు వైరు పీకేశానండీ" అన్నారు మాస్టారు. నిజంగానే పీకేశారు.

దినాలయ్యాయి, నెల గడిచింది, ఇంకో నెల గడిచింది. ఆ వైరు మళ్ళీ గోడకెక్కలేదు. మాస్టారి ఆంప్లిఫైయరు చర్చివాళ్ళు వదిలించుకున్న పాతది, దాని స్వభావమే ప్రసంగం. ఎంత తగ్గించినా గల్లీ చివర ఇస్త్రీ బండి దాకా వినపడేది. పోనీ అది లేకుండా వాయిద్దామంటే ఆ గిటారుకు పొట్ట లేదు, వట్టి చెక్క. కరెంటు లేకపోతే దోమ పాడినట్టుంటుంది. ఒకరోజు నేను వెళ్ళేసరికి అటక మీది పెట్టె కిందికి దిగి ఉంది. అందులో మాస్టారు చొక్కాలు సర్దుతున్నారు.

"అక్కయ్య దగ్గరికి పోతాను నాయనా. ఏడుస్తున్న ఇంటి పక్కన వాయించలేను, వాయించకుండా ఉండలేను. చేతులు ఊరుకోవడం లేదు."

ముప్పై యేళ్ళున్న ఊరిని ఆయన ఒక చొక్కా మడతలో పెట్టేస్తుంటే నేను నాకు చేతనైన పనే చేశాను. బేరం పెట్టాను.

"మాస్టారూ, ఒక చిన్న ఆంప్లిఫైయర్ బేరం చేద్దాం. మీ గదిల వినపడాలె, గోడ దాటొద్దు. గట్లాంటిది దొరికితే ఉంటరా?"

ఆయన చేతిలోని చొక్కాను పెట్టె అంచు మీద వేసి, "దొరికితే ఉంటాను" అన్నారు.

ఇక నా వ్యాపార బుద్ధి నిద్ర లేచింది. కొనడానికి నేను కావాలని బంద్ రోజే ఎంచుకున్నాను. బోణీ గిరాకీని ఖాళీ చేతులతో పంపిస్తే ఆ రోజంతా ఖరాబని ప్రతి దుకాణందారుకూ భయం. బంద్ రోజు మోకాలెత్తు షట్టరు కింద దూరి వచ్చినవాడే మొదటి గిరాకీ, వాడే చివరి గిరాకీ. వాడేమడిగినా ఇవ్వక తప్పదు. ఇంత గొప్ప సూత్రం కనిపెట్టినందుకు నా భుజం నేనే తట్టుకున్నాను. బస్సులు ఉండవు, తార్నాక నుంచి కాచిగూడ దాకా గిటారు మోసుకుని నడవాలన్న సంగతి మాత్రం సూత్రంలో లేదు.

బయల్దేరే ముందు మాస్టారికి షరతు పెట్టాను. "దారిల మీరు నోరు తెరవొద్దు. మీ 'అండీ' వినపడితే పోరలు ఒక రకంగ చూస్తరు, సేటు ఇంకో రకంగ చూస్తడు."

"రెండో రకం ఏవిటి నాయనా?"

"ధర పెంచుతడు."

క్యాంపస్ రోడ్డు మీద టైర్లు కాలిన నల్లటి మచ్చలు, రాళ్ళు, ఎవరివో తెగిన చెప్పులు. ముళ్ళకంచె దగ్గర కానిస్టేబులు ఆపి సంచి తెరిపించాడు. కడ్డీ చేతిలోకి తీసుకుని, "గీ రాడ్ ఎందుకు?" అన్నాడు.

"గిటార్ వాయించనీకె సార్."

"గిటార్ చేత్తోని వాయిస్తరు. రాడ్ తోని వాయించేది మేము. ముసలాయనెవరు?"

"మా తాత సార్. మాట రాదు."

కానిస్టేబులు జాలిగా మాస్టారి వంక చూసి, "అయ్యో, పుట్టినకాడి సందా?" అన్నాడు.

మాస్టారు రెండు చేతులూ జోడించి, "లేదండీ, ఇవాళ పొద్దుటి నుంచేనండీ" అన్నారు.

ఆ రోజు క్యాంపస్‌లో నవ్విన మనిషి ఆ కానిస్టేబులు ఒక్కడే అయ్యుంటాడు. కడ్డీ తిరిగిచ్చి, "జల్దీ పోండ్రి. మధ్యాహ్నం మంచిగుండదు" అన్నాడు. ఆ మాటతో అతని నవ్వు కూడా ఆగిపోయింది.

కాచిగూడలో పాత వాయిద్యాలమ్మే దుకాణం షట్టరు నేను ఊహించినట్టే మోకాలెత్తున ఉంది. నేను దూరాను, గిటారు దూరింది, మాస్టారు మోకాళ్ళ మీద దూరారు. లోపల సేటు ఒక పెద్ద బీరువాలాంటి ఆంప్లిఫైయరు చూపించి, "గిది పెడితే గల్లీ గల్లీ అదురుతది భాయ్" అన్నాడు.

"అదరొద్దు సేట్. గల్లీకి వినపడొద్దు."

సేటు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నా ఉమర్ మొత్తం గీ దుకాణంల పోయింది. ఆవాజ్ రావద్దనే గిరాకీని గిప్పుడే చూస్తున్న. సరే, మీ మర్జీ. గని మెల్లగ చూసుకోండ్రి. బయట పోరలు తిరుగుతున్నరు, దుకాణం తెరిచిన్నని తెలిస్తే షట్టర్ మీద రాళ్ళు పడతయ్."

అలా మేము ఆంప్లిఫైయర్లను గుసగుసల్లో పరీక్షించాం. ఆ బీరువాకు శబ్దం పెంచే గుండీ తిప్పితే ముందు ఏమీ లేదు, ఇంకొంచెం తిప్పినా ఏమీ లేదు, వెంట్రుకవాసి కదిలించగానే గర్జించింది. సేటు గుండె పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే షట్టరు కింద కాళ్ళు కనిపించాయి. ఒకటి కాదు, ఊరేగింపు కాళ్ళు. నినాదాలు నెత్తి మీదుగా పోతున్నట్టున్నాయి. ఒక జత కాళ్ళు మాత్రం మా ముందు ఆగాయి. మాస్టారు అరచెయ్యి తీగల మీద పరిచి, మోగుతున్నదాన్ని చేతికిందే చంపేశారు. ఆ చేతిని తీగల మీంచి మళ్ళీ ఎత్తలేదు. ముప్పై యేళ్ళలో ఈ ఊళ్ళో ఆయన ఎవరికైనా భయపడ్డది అదే మొదటిసారేమో. ఆ కాళ్ళు చెప్పు సర్దుకుని ముందుకు పోయాయి.

ఆ తర్వాత సేటు తీసింది నూనె డబ్బా అంత పెట్టె. ముందు గుడ్డ చిరిగింది, ఒక మూల ఎలకలు రుచి చూసిన గుర్తులు. మాస్టారు నేల మీద చతికిలబడి, ఊపిరంత మెల్లగా ఒక్క తీగ మీటి, చెవి ఆ చిరుగు దగ్గర పెట్టారు. స్వరం సన్నగా మొదలై, సన్నగానే నిలబడి, తొందరపడకుండా ఆరిపోయింది. "ఉంది నాయనా, తోక దాకా ఉంది" అన్నారు. మూగతనం సంగతి మరిచిపోయి పైకే అన్నారు, అది కూడా సేటు ముందు, అది కూడా మెచ్చుకుంటూ! ఇంక బేరమెక్కడిది? అయినా ఊరుకోలేదు. చిరుగు చూపించాను, ఎలకల్ని చూపించాను, "దీంట్ల ఆవాజే రాదు గద సేట్, రాని ఆవాజుకు పైసలెట్ల ఇస్తం?" అన్నాను, చివరికి బోణీ అస్త్రం తీశాను. సేటు నెత్తి కొట్టుకుని ఇచ్చేశాడు. ఆ విజయగర్వంలో గుండీని చివరిదాకా తిప్పి చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు. వచ్చినా ఆ రోజు తిప్పే ధైర్యం ఎవరికుంది?

బంద్ రోజు కొన్న సామాను కనపడకూడదని పెట్టెను మా దుకాణం బియ్యం సంచిలో వేసి భుజాన పెట్టుకున్నాను. తార్నాక గల్లీ మొదట్లో, ఆ ఫ్లెక్సీ కింద, మైకన్న కూర్చుని ఉన్నాడు.

"ఏందిరా సంచిల?"

"బియ్యమన్నా. మా దుకాణంలవి."

అతను నా వెనక్కి వెళ్ళి చూశాడు. "మీ దుకాణం బియ్యానికి తోకలు ఎప్పటి సంది మొలుస్తున్నయ్ రా?"

సంచి మూతిలోంచి ప్లగ్గుతో సహా వైరు వేలాడుతోంది. మైకన్న మాస్టారి వంక చూశాడు, ఆయన భుజాన ఉన్న గిటారు చూశాడు. "చిన్నదేనా?" అన్నాడు.

"చిన్నదే అన్నా. గోడ దాటదు."

అతను ఆ వైరును తనే సంచిలోకి తోసి, మూతి బిగించి, "పో" అన్నాడు.

మర్నాడు సాయంత్రం ఐదింటికి మాస్టారు కిటికీలు వేశారు, తలుపు గడియ పెట్టారు, తలుపు కింద సందులో పాత దుప్పటి కుక్కారు. దొంగనోట్లు అచ్చేసేవాళ్ళు కూడా అంత జాగ్రత్త పడరు. గుండీ అంగుళంలో సగం తిప్పి మొదలుపెట్టారు. నిజం చెప్పొద్దూ, ఆ పెట్టె లోకువైంది కాదు. అంత మెల్లగా ఉన్నా గదంతా నిండింది. మాస్టారి భుజాలు రెండు నెలల తర్వాత కిందికి దిగాయి. నేను మనసులో సేటుకు ఇంకో పదో పరకో తగ్గించి ఉండాల్సిందని లెక్కలేసుకుంటున్నాను.

అప్పుడు తలుపు కొట్టారు.

మాస్టారు వైరు పీకేశారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన కళ్ళు అటక నుంచి దిగిన పెట్టె మీదికి పోయాయి. నేను దుప్పటి లాగి తలుపు తీశాను. పక్కింటి ఆమె. అన్ని రోజుల్లో ఆమె గడప దాటి రావడం నేను చూడలేదు.

"తప్పైపోయిందమ్మా. వినపడదనుకున్నాను" అన్నారు మాస్టారు. ఆయన గొంతు ఆ పెట్టెకన్నా సన్నగా ఉంది.

"గదే సారూ. వినొస్తలేదు" అందామె. "పెట్టె తెచ్చిండ్రని మైకన్న చెప్తే గోడకు చెవి పెట్టిన. అయినా వినొస్తలేదు. జర పెద్దగ పెట్టుండ్రి."

మాస్టారు మళ్ళీ ప్లగ్గు పెట్టి గుండీ తిప్పారు. సగం దాటగానే ఆ పెట్టె బొంగురుపోయింది, చివరికి తిప్పితే రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టయింది. ఊరంతా తిరిగి, బోణీ బేరమాడి, నేను కొన్నది పెద్దగా పలకడమే రాని పెట్టెను. "ఇంతకన్నా పెరగదమ్మా" అన్నాను, అమ్మినవాణ్ణి నేనే అయినట్టు తలొంచుకుని.

"అయితే తలుపన్న తెరువుండ్రి" అని ఆమె గడప మీదే కూర్చుంది. కూర్చుని, మాస్టారి వంక కాదు, నా వంక చూసింది. "తప్పు వాయించేది నువ్వే గద బిడ్డా? నువ్వు వాయించు."

"నాకు రాదమ్మా."

"ఎరికే. మావోడు చదువుకుంట నవ్వుతుండె. 'అమ్మా, సూడు, బస్సు స్టాపు దాటిచ్చిండు, ఇగ ఎన్కకొస్తడు' అంటుండె. దినాం అంటుండె."

టీవీ కాదన్నమాట.

మాస్టారు లేచి గిటారు నా ఒళ్ళో పెట్టారు. నా జీవితంలో మొదటిసారి, బాగా వాయించాలో బాగా వాయించకూడదో తెలియకుండా కడ్డీ జార్చాను. మామూలుగానే అది ఆగాల్సిన చోట ఆగలేదు. దాటిపోయింది. దాటిన చోట నా చెయ్యి బిగుసుకుపోయింది, కదల్లేదు. ఆ తప్పు స్వరం గడప దాటి, గల్లీలోకి పోతూనే ఉంది.

"ఆఁ... స్టాపు దాటిచ్చిండు" అందామె మెల్లగా. కాసేపాగి, "ఇగ ఎన్కకు రా బిడ్డా" అంది.

నేను వచ్చాను.

మాస్టారి చొక్కాల పెట్టె మళ్ళీ అటకెక్కింది. రాష్ట్రం వచ్చిన రోజు కూడా ఆయన ఆ గల్లీలోనే, ఆ తలుపు తెరుచుకునే, ఆమె గడప మీద ఉండగానే వాయించారు. ఆయన పోయాక గిటారూ, నూనె డబ్బా అంత ఆ ఆంప్లిఫైయరూ నాకు మిగిలాయి. ఇప్పుడు నాన్న కూర్చున్న చోట నేను కూర్చుంటున్నాను. నన్ను మించి బేరమాడే గిరాకీలు వస్తున్నారు, బోణీ పేరు చెప్పి నన్నే ముంచుతున్నారు. సాయంత్రం షట్టరు సగం దించి పెట్టె ముందేసుకుంటాను. ఇన్నేళ్ళకు చెయ్యి కుదిరింది, కడ్డీ ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతుంది. ఆ రోజు దాటిపోయిన ఆ ఒక్క చోట మాత్రం ఆపను. స్టాపు దాటించి, వెనక్కి పిలిచేవాళ్ళెవరైనా ఉన్నారేమోనని కాసేపు అక్కడే ఆగి చూసి, నవ్వుకుని, నా అంతట నేనే వెనక్కి వస్తాను.