ఉత్త ఫ్లాష్ కెమెరా

ఆ వీధిలో ఆమెను అందరూ ఫోటోల కోడలు అంటారు. పేరు పెట్టి పిలిస్తే ఆమే పలకదేమో, అంత అలవాటైపోయింది. ఇంటి కింది గదిలో స్టూడియో, మెట్ల కింద ఒకప్పటి డార్క్‌రూమ్, కౌంటర్ వెనక కుర్చీలో మామగారు. పాస్‌పోర్టు ఫోటోలు, కప్పుల మీద బొమ్మలు, చిరిగిన ఫోటోలకు మరమ్మతులు అన్నీ ఆమే చూసుకుంటుంది. ఎవరి తాతకు ముక్కు ఊడినా అతికించడంలో చెయ్యి తిరిగిన మనిషి. అలాంటిదానికి కన్నతండ్రితో దిగిన పెళ్లి ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు.

అది మామగారి నిర్వాకం. ఆయన తన రోజుల్లో పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు, ఫిల్ము రోల్ ఖర్చు పెట్టాలంటే ప్రాణం పోయేది. "మాకూ ఒకటి తియ్యవయ్యా" అని వెంటపడే చుట్టాల కోసం మెళ్లో రెండో కెమెరా వేసుకునేవాడు. అందులో రోల్ ఉండేది కాదు. ఫ్లాష్ మాత్రం కళ్లు బైర్లు కమ్మేలా వెలిగేది. చుట్టాలూ ఖుషీ, ఆయనా ఖుషీ. నటనలో లోటు రానిచ్చేవాడా, అబ్బే! మూత తీసేవాడు, మీట తిప్పేవాడు, "బాబాయిగారూ, కొంచెం ఎడమకి" అని కూడా అనేవాడు. ఫోకస్ ఒక్కటే పట్టించుకునేవాడు కాదు. రాని ఫోటోకి ఫోకస్ ఎందుకు చెప్పండి.

సొంత కొడుకు పెళ్లిలోనూ అదే వరస. పొద్దుటినుంచీ కుర్చీలనీ మంచినీళ్లనీ కాలు నిలవకుండా తిరిగిన పెళ్లికూతురి తండ్రి సాయంత్రానికి మొహం కడుక్కుని వచ్చి, "బావగారూ, మా అమ్మాయితో ఒక్కటి" అన్నాడు. బావగారు మెళ్లో ఉన్న రెండో కెమెరా ఎత్తి ఫ్లాష్ కొట్టాడు. ఏడాది తిరక్కుండా ఆ తండ్రి పోయాడు. ఆల్బమ్‌లో ఎక్కడా లేడు. "ఆ రోల్ పాడైందమ్మా" అన్నాడు మామగారు. భర్త నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి అసలు సంగతి ఆమెకు తెలిసిపోయింది. అప్పటినుంచి మామాకోడళ్లు లోకంలో ఉన్న సంగతులన్నీ మాట్లాడుకుంటారు, ఆ ఒక్కటి తప్ప.

ఈమధ్య షాపు అద్దాల అరలో అలంకారానికని ఆమె పాతసామాన్ల కొట్లో ఒక కెమెరా కొనుక్కొచ్చింది. తుడుస్తూ పక్కనున్న పిడి తిప్పితే లోపల ఏదో బిగువుగా లాగింది.

"మామయ్యా, ఇందులో రోల్ ఉంది."

ఆయన కళ్లజోడు సవరించుకుని బెల్టు చూశాడు. దానిమీద నీలం దారంతో వంకర కుట్టు ఉంది. ఆ కుట్టు ఆయనదే.

"ఉండదమ్మా" అన్నాడు. "ఇందులో రోల్ ఉండటానికి వీల్లేదు. నీ పెళ్లినాడే దీని మీట బిగుసుకుపోయింది. పాడైందని అటకెక్కించి, తర్వాత పాతసామాన్లవాడికి ఇచ్చేశాను."

మీట ఊరికే బిగుసుకోదు, రోల్ అయిపోతే బిగుసుకుంటుంది. ఆ ముక్క ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఆమె భర్తకు ఫోన్ చేసింది.

"పెళ్లికి ముందురోజు బీరువాలో ఉన్న కెమెరాలన్నీ నేనే నింపా" అన్నాడతను. "ఒకదానికి కొత్త రోల్ లేకపోతే మిగిలిపోయిన నలుపు తెలుపుది వేశా. నాన్న ఉత్త కెమెరా బీరువాలో ఉండదనుకున్నా. పెళ్లికొడుకుని ఖాళీగా కూర్చోబెడితే ఇంకేం చేస్తాను?"

"దాన్ని ఎవడు నింపమన్నాడ్రా నిన్ను?" అని ఆమె పక్కనుంచి అరిచాడు మామగారు. ఇన్నేళ్ల తర్వాత.

మీట బిగుసుకుంది తన ఫోటోకి ముందా, తర్వాతా? ముందే అయితే నాన్న లేనట్టే. అట్టపెట్టెలన్నీ వీధి గుమ్మంలో పడేసి డార్క్‌రూమ్ ఖాళీ చేసింది. ఫిల్ము కడిగే మందులు తెప్పించి, చీకట్లో తడుముకుంటూ రోల్‌ను డబ్బాలోకి ఎక్కించింది. డబ్బా ఊపే పని మామగారు తీసుకున్నాడు. వణికే చేతులు కదా, "ఇన్నాళ్లకి ఈ వణుకు పనికొచ్చింది" అని తనమీద తనే జోకు వేసుకున్నాడు. ఆమెకు నవ్వు రాలేదు.

ఆరిన ఫిల్మును స్కానర్‌లో పెట్టి చివరినుంచి చూసింది. చిట్టచివరి బొమ్మలో ఇద్దరు మనుషులున్నారు. ఒకరు పెళ్లికూతురు, పక్కన నాన్న. అంత వరకూ నిజమే. కానీ ఫోకస్ లేదు. మొహాలు అలుక్కుపోయాయి, కళ్లేవో ముక్కేదో తెలియడం లేదు. ముక్కులు అతికించే ఆమె చేతికే అక్కడ పని లేదు.

"పాపిష్టివాణ్ణి" అన్నాడు మామగారు. తల ఎత్తలేదు.

ఆమె మిగతావి చూడసాగింది. అన్నీ అంతే. ముందు నిలబడ్డ బాబాయిలూ పిన్నులూ పిండిబొమ్మల్లా ఉన్నారు. ఫోకస్ ఎప్పుడో ఎక్కడో దూరానికి పెట్టింది పెట్టినట్టే ఉండిపోయింది మరి. ఉన్నట్టుండి ఆమె చెయ్యి ఆగింది.

వరసగా నిలబడ్డ ఆ మసక చుట్టాల వెనక, హాలు కిటికీ దగ్గర, ఒక మనిషి చంకన రెండు కుర్చీలు ఇరికించుకుని నిలబడ్డాడు. చొక్కా గుండీతో సహా తేటగా ఉన్నాడు. ఆమె వెనక్కి జరిపింది. ఇంకో మసక గుంపు వెనక అదే మనిషి ఎవరి పిల్లనో ఎత్తుకుని ఆడిస్తున్నాడు. మరోదాంట్లో వంటవాడితో వాదులాడుతున్నాడు. ఇంకోదాంట్లో తన కూతురి మొహం చేతిరుమాలుతో తుడుస్తున్నాడు, ఆమె ఉక్కపోతకి విసుక్కుంటోంది, ఆయన పకపకా నవ్వుతున్నాడు. ఆయన పై పన్ను కొంచెం వంకర అన్న సంగతి ఆమె మర్చిపోయింది. ఇప్పుడు కనిపించింది.

ఆమె అక్కడే కూర్చుని ఏడ్చేసింది. పాస్‌పోర్టు ఫోటోకి వచ్చినాయన గుమ్మంలో అట్టపెట్టెలు దాటలేక, ఏం జరిగిందో అర్థంకాక అలాగే నిలబడిపోయాడు.

"నేను సరిగ్గా ఫోకస్ చేసుంటే బావగారు దొరికేవాడు కాదమ్మా" అన్నాడు మామగారు మెల్లిగా, భయం భయంగా.

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మీ పిసినారితనం వల్లే మా నాన్న మిగిలాడు మామయ్యా" అంది. "ఇన్నేళ్లూ మిమ్మల్ని తిట్టుకున్న తిట్లన్నీ ఇప్పుడు ఎక్కడ పెట్టుకోను?"