వలలోంచి లేపిన ఫోటో

నా ఫోటోలు బాగున్నాయన్నవాళ్లు కొందరున్నారు, అర్థం కాలేదన్నవాళ్లు చాలామంది ఉన్నారు. భయపడిన మనిషి మాత్రం ఒక్కతే. సంతబొమ్మాళి అవతల సముద్రం ఒడ్డున, చేపలవేట మీద బతికే ఊళ్లో ఉండే ఒక ముసలమ్మ. ఆవిడ భయపడకపోయి ఉంటే నేను టెక్కలిలో ఏదో ఆఫీసులో టైపు కొట్టుకుంటూ ఉండేదాన్ని. అందులో తప్పేమీ లేదు. కాకపోతే నేనెలాంటిదాన్నో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇది తొంభైల చివరి సంగతి. మా బావకు, అంటే మా అక్క భర్తకు, కాశీబుగ్గలో ఫోటో స్టూడియో ఉండేది. నేను డిగ్రీ పూర్తిచేసి పలాసలో ఇంట్లో ఖాళీగా ఉన్నాను. పెళ్లిళ్ల రోజుల్లో బావ నన్ను వెంటబెట్టుకు వెళ్లేవాడు. పెళ్లికూతురి గదిలోకి పోయి కుచ్చిళ్లు సరిచేసుకోమని మగవాడు చెప్పలేడు కదా, అందుకని. లైటు పట్టుకోవడం, కొంగు సర్దడం, చెమటకు కారిన బొట్టు తుడిచి మళ్లీ దిద్దడం నా పని. కెమెరా బావది.

రీలు చివర మాత్రం నాది. పెళ్లి అయిపోయాక రీల్లో రెండో మూడో ఫోటోలు మిగిలేవి. వాటిని ఊరికే వదలడానికి మనసొప్పక బావ స్టూడియో గోడమీది క్యాలెండరును టకటకా తీసేసి రీలు పూర్తిచేసేవాడు. ఒకరోజు ఉండబట్టలేక, "ఆ క్యాలెండరుకు ఎన్ని పెళ్లిళ్లు చేస్తావు బావా, అవేవో నాకియ్యి" అన్నాను. "తీసుకో మరదలా, చిల్లరే కదా" అన్నాడు. అలా మొదలైంది.

నేను నన్నే తీసుకునేదాన్ని. అందంగా కనబడాలని కాదు. నాకు చిన్నప్పటి నుంచీ కోపం ముక్కుమీదే ఉంటుంది. మా ఇంట్లో దానికి చోటు లేదు. నాన్న గుమస్తా. ఆఫీసులో అణిగిమణిగి ఉండడం అలవాటైపోయి ఇంట్లో కూడా ఎవర్నీ గొంతు పెంచనిచ్చేవారు కాదు. అందుకని నా కోపాన్ని ఫోటోలో దాచుకునేదాన్ని. కెమెరా స్టాండు మీద పెట్టి, దాని ముందున్న చిన్న మీట తిప్పితే గుర్రుమని కాసేపు తిరిగి దానంతటదే నొక్కుకునేది. ఆ కాసేపట్లో పరుగున వెళ్లి అనుకున్న చోట అనుకున్నట్టు ఉండాలి. దోమతెర వెనక నోరంతా తెరిచి అరుస్తున్నట్టు ఒకటి తీసుకున్నాను. జీడిపప్పు బట్టీ వెనక తొక్కల గుట్టకు చెంప ఆనించి ఇంకొకటి తీసుకున్నాను. ఆ తొక్కల జిడ్డుకు చెంప బొబ్బలెక్కింది. అమ్మ వెన్న రాస్తూ తిట్టింది, తిడుతూ రాసింది.

ఇప్పుడు ఇలాంటివాటిని కాన్సెప్చువల్ ఫోటోగ్రఫీ అంటున్నారు. గదిలో వరసగా వేలాడదీసి కింద చీటీలు అంటిస్తున్నారు. అప్పుడు మా అమ్మ, "బొట్టయినా కనబడకుండా ఇదేం ఫోటోవే?" అనేది. నాకూ దాని పేరు తెలియదు. ఒక ఫోటో తీసుకున్న రోజు బాగా ఆకలి వేసేది, రాత్రి హాయిగా నిద్ర పట్టేది. అంతే తెలుసు.

ఆ వేసవిలో నాన్న టెక్కలిలో ఎవరితోనో మాట్లాడి నాకు టైపిస్టు పని ఖాయం చేసుకొచ్చారు. నన్ను అడగలేదు. "ఈ పెళ్లిళ్ల తిరుగుళ్లు ఇక చాలు" అన్నారు. నాన్నకు ఎదురుచెప్పే అలవాటు మా ఇంట్లో లేదు. ఆ మర్నాడే నేను చెప్పిన ముసలమ్మ మనవరాలి పెళ్లి. పెళ్లికొడుకుది ఇచ్ఛాపురం దగ్గర డొంకూరు, అతనూ సముద్రం మీద వేటకు వెళ్లేవాడే. రాత్రంతా పెళ్లి జరిగింది. తెల్లారేసరికి బావ పందిట్లో బెంచీ మీద గురక పెడుతున్నాడు. రీల్లో ఇంకా కొన్ని మిగిలాయి. నేను కెమెరా, స్టాండు పట్టుకుని ఒడ్డుకు వెళ్లాను. ఊరంతా పెళ్లివారింట్లోనే ఉంది. ఇసుకలో ఆరేసిన వల ఒకటి కనిపించింది. దాన్ని ఒంటికి చుట్టుకుని, జుట్టు విప్పుకుని, అల వచ్చి తాకేచోట తడి ఇసుకలో పడుకున్నాను. ఆఫీసులో మిషను ముందు కూర్చోబోయే నేను నాకు అలాగే కనిపించాను. మిగిలినవన్నీ అలాగే తీసుకున్నాను.

రీళ్లు శ్రీకాకుళంలో కలర్ ల్యాబుకు వెళ్లేవి. ప్రింట్లన్నీ ఒక కవరులో పెట్టి బస్సు కండక్టరుకు ఇస్తే బావ కాశీబుగ్గలో తీసుకునేవాడు. అందులోంచి నావి ఏరి నాకిచ్చి, మిగతావి ఆల్బంలో అంటించేవాడు. ఈసారి పెళ్లికూతుర్ని అత్తారింటికి పంపే తొందరలో ఆమె అన్న ఏ బస్సో కనుక్కుని టెక్కలిలోనే ఎదురెళ్లాడు. "మాదే, మా పెళ్లి ఫోటోలే" అని కండక్టరు దగ్గర కవరు తీసుకుని నేరుగా ఊరికి పోయాడు. నేను కూడా ఆ కవరులో వెళ్లిపోయాను.

మర్నాడు పొద్దున్నే అతను స్టూడియోకి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏటి బాబూ ఇది? పెల్లి ఫోటోలడిగితే శవం ఫోటో ఎట్టినారు?" అన్నాడు బావతో. "మా మామ్మ అన్నం ముట్టనేదు. సెల్లిని డొంకూరు పంపనంతే పంపనంటంది."

నాకు ఒళ్లు మండింది. "శవమేంటి? అది నేను. బతికే ఉన్నాను, కనబడటం లేదా?" అన్నాను విసురుగా. అతను నన్ను కిందికీ పైకీ చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. అప్పటికి గాని నాకు తలకెక్కలేదు. వల చుట్టుకుని, జుట్టు విరబోసుకుని, తడి ఇసుకలో పడి ఉన్న మనిషిని చూసి ఆ ఊళ్లో ఎవరూ కోపం అనుకోరు. వాళ్లకు ఆ దృశ్యం తెలుసు. ఎవరెవరి ఇళ్లల్లోనో జరిగింది. అది వచ్చి పెళ్లి ఫోటోల మధ్యలో కూర్చుంది. పెళ్లికొడుకేమో రోజూ సముద్రం మీదకు వెళ్లేవాడు.

నాకు భయం వేసింది. ఆ తీరం ఊళ్ల పెళ్లిళ్లతోనే స్టూడియో నడిచేది. అతను వెళ్లాక బావ లైట్లు ఆర్పుతూ, "రేపు ఆ ఊరికి నువ్వూ రావాలి. ఇది తేలేదాకా కెమెరా ముట్టుకోకు. తేలకపోతే మీ నాన్నగారు చెప్పినట్టు టెక్కలి వెళ్లు" అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మేం వెళ్లేసరికి ముసలమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఆ ఫోటోలు పక్కన బోర్లించి వాటి మీద రాయి పెట్టింది. నన్ను దగ్గరకు రమ్మంది. వెళ్లి కూర్చోగానే నా జబ్బ పట్టుకుని గట్టిగా గిల్లింది. నేను కెవ్వుమన్నాను.

"ఎచ్చగానే ఉన్నాది" అంది చుట్టూ ఉన్న ఆడవాళ్లతో. తర్వాత నాతో, "ఎందుకే అలగ పడుకున్నావు?" అని అడిగింది.

బావ ఏదో సర్దిచెప్పబోతుంటే నేనే అన్నాను, "కోపం వచ్చింది మామ్మా."

"కోపమొత్తే తిట్టాల. గిన్నెలిసిరీయాల. వల సుట్టుకుని పడుకుంతారేటే ఎవులైనా?"

ఎవరో ఫక్కున నవ్వారు. మామ్మ నవ్వలేదు. గుమ్మంలో పెళ్లికూతురు నిలబడి ఉంది, పసుపు బట్టలు ఇంకా మాయలేదు, కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆ పిల్లను చూశాక నాకు నా కోపం గొప్పగా అనిపించలేదు.

"చించేస్తాను మామ్మా, మీ కళ్లముందే చించేస్తాను" అని బావ ఫోటోల మీదకు చెయ్యి చాపాడు.

"సింపీకు!" అని ఆవిడ అరిచిన అరుపుకు అరుగు కింద కోళ్లు బెదిరాయి. "బతికున్న గుంటని సింపీసుకుంతావేటి? బుద్దుందా నీకు?" ఫోటోల మీది రాయి గట్టిగా పట్టుకుని, "పడుకున్నదాన్ని లేపాల. ఏ రేవుల పడుకుందో ఆ రేవులనే లేపాల. లేత్తన్నట్టు ఫోటో తియ్యి. అది సూసినాకే పిల్లని పంపుతాను" అంది.

ఎవరికీ ఇందులో వింత కనిపించలేదు. అదే వల తెచ్చారు. ఆడవాళ్లందరూ రేవుకు బయల్దేరారు. నేను మళ్లీ తడి ఇసుకలో పడుకున్నాను, వాళ్లే చుట్టారు. మామ్మ బావ పక్కన నిలబడి పెత్తనం మొదలుపెట్టింది. "ఎదరగుండా కాదు, పక్కనించి తియ్యి. ఎండ ఆ గుంట మొకం మీద పడనీ. ఒలే, అప్పుడే లాగీకండి!" బావ అన్నేళ్ల అనుభవాన్ని జేబులో పెట్టుకుని ఆవిడ చెప్పినట్టల్లా జరిగాడు.

"ఇప్పుడు లేపండి" అంది.

అన్ని వైపుల నుంచీ చేతులు వచ్చాయి. వల లాగుతుంటే నా జుట్టు దాని కన్నాల్లో చిక్కుకుంది. అది చూసి పెళ్లికూతురు గబగబా వచ్చి నా తలదగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క వెంట్రుకా నొప్పెట్టకుండా విడదీసింది. ఎవరో చంకల కింద చేతులు పెట్టి ఎత్తారు, ఎవరో నడుం పట్టుకున్నారు. నాకు ఏడుపు వచ్చేసింది. ఆపుకోలేదు, వెక్కి వెక్కి ఏడ్చాను. అంతకుముందు నేను తీసుకున్న ప్రతి ఫోటోలోనూ నేనొక్కదాన్నే ఉన్నాను. మీట తిప్పి పరుగెత్తడం, ఒక్కదాన్నే అరవడం, ఒక్కదాన్నే లేచి ఇసుక దులుపుకోవడం. నన్ను లేపడానికి ఎవరైనా వస్తారని నాకు తోచనే లేదు. నేను కోపం అని పేరు పెట్టుకున్నదాంట్లో సగం ఆ ఒంటరితనమే. అది నాకు ఆ రేవులో, పేర్లయినా తెలియని ఆడవాళ్ల చేతుల్లో తెలిసింది. బావ అప్పుడే నొక్కాడు.

తర్వాత నా కాళ్లు కడిగి, బొట్టు పెట్టి, కొబ్బరి బొండం కొట్టి ఇచ్చారు. "ఇసుక మింగీసినాదేమో, తాగనియ్యి" అంది మామ్మ.

ఈసారి ప్రింటు కోసం బావ స్వయంగా శ్రీకాకుళం వెళ్లాడు. దాన్ని తీసుకుని ఇద్దరం మళ్లీ ఊరికి వెళ్లాం. మామ్మ ఫోటోను ఎండకేసి పట్టుకుని చాలాసేపు చూసింది. అందులో నా మొహం వంకరపోయి, ముక్కు ఎర్రబడి, ఏమాత్రం బాగాలేదు. నేను తీయించుకున్నవాటిలో నాకు అంత నచ్చిన ఫోటో ఇంకొకటి లేదు.

"లేసింది" అంది మామ్మ. లోపలికి తిరిగి, "ఒలే, సారె కట్టండి, పిల్లని పంపుదుం" అని కేకేసింది. ఆ ప్రింటును పెళ్లికూతురు తన ఆల్బంలో పెట్టుకుంది. పడుకున్న ఫోటోలు రాయి కిందనుంచి తీసి నా చేతిలో పెట్టారు. నేను బతికున్నంత కాలం అవి నా దగ్గరే ఉండాలట.

బావ ఊపిరి పీల్చుకుని లేవబోతుంటే మామ్మ ఆపింది. "ఆ డబ్బా ఆ గుంటకియ్యి. నన్ను ఒకటి తియ్యాల. నాను పోయినాక గోడకెట్టుకోడానికి." బావ తన మెడలోని కెమెరా పట్టీ తీసి నా మెడలో వేశాడు. బావ పోయేదాకా ఆ విషయం గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు, కాని నేను రోజూ తలుచుకుంటాను. ఇంటికి వెళ్లాక నాన్నతో టెక్కలి పని సంగతి మాట్లాడింది కూడా బావే.

గోడకు పెట్టుకునే ఫోటో అంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. కుర్చీ, భుజం నిండా కొంగు, సూటిగా చూపు. కుర్చీ తెమ్మన్నాను. మామ్మ వద్దంది. కర్ర పట్టుకుని రేవుకు నడిచి, నాకు వీపు చూపించి నిలబడింది.

"ఇటు తిరుగు మామ్మా" అన్నాను.

"నా మొకం ఊరందరూ సూసీసినారు" అంది తిరక్కుండానే. "నాను రోజూ ఏటి సూత్తన్నానో అది ఎవులూ సూడనేదు. నా యెనకాల నిలబడి తియ్యి."

వెళ్లి ఆవిడ వెనక నిలబడ్డాను. పడవలింకా రాలేదు. ఆవిడ చూస్తున్నవైపే చూస్తూ చాలాసేపు ఆగి, అప్పుడు తీశాను.

మామ్మ పోయాక, మొహం కనబడని ఆ ఫోటోకే దండ వేశారు. చుట్టాలెవరైనా కొత్తగా వస్తే ఎవరిదని అడుగుతారట. ఆ ఊరివాళ్లు మాత్రం ఎవరూ అడగరు.