నా ఊపిరి విన్నవాళ్ళు

అమ్మ పోయాక ఒడిశాలోని రాయగడ క్వార్టర్లో నేనొక్కదాన్నే మిగిలాను. అక్కడి ఆస్పత్రిలో నర్సుని. నలభై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు. చిన్నప్పటినుంచీ లావే, అమ్మ పోయాక ఇంకా పెరిగాను. డ్యూటీ నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా గిన్నె మీద మూత తీసేదాన్ని. తింటున్నంతసేపూ టీవీ మోగుతూ ఉండాలి. అందులో ఏం వస్తోందో చూసేదాన్ని కాదు, ఇంట్లో ఎవరిదో ఒకరి గొంతు వినబడితే చాలు.

షుగరు, బీపీ వచ్చాయి. మోకాళ్ళు అరిగాయి. మధ్యాహ్నాలు వార్డులో కుర్చీలో కూర్చుంటే చాలు, తల వాలిపోయేది. ఒకరోజు మంచం మీది రోగే నన్ను లేపింది. అది చూసి మా డాక్టరుగారు విశాఖపట్నంలో ఒక సర్జన్ దగ్గరికి పంపారు.

ఆ సర్జన్ వయసులో నాకంటే చిన్నవాడు, మర్యాదస్తుడు. అన్నీ అడిగి చివరికి అడిగాడు.

“నిద్రలో మీకు ఊపిరి ఆగుతుందా?”

“తెలీదండి.”

“ఇంట్లోవాళ్ళని అడిగి చెప్పండి.”

“ఇంట్లో ఎవరూ లేరండి.”

ఆయన గొంతు తగ్గించి మిగతాది చెప్పాడు. బరువు తగ్గడానికి ఆపరేషన్ చేసి జీర్ణాశయంలో చాలా భాగం తీసేస్తారట. తీసేశాక మళ్ళీ పెట్టడం ఉండదు. తొందరేం లేదు, ఆలోచించుకోండి అన్నాడు. ముందు నిద్ర పరీక్ష చేయించాలి, ఈలోగా ఎవరైనా ఒక రాత్రి పక్కనుండి చూసి చెబితే మంచిది, ఆపరేషన్‌కి వచ్చేటప్పుడు కూడా తోడు ఒక మనిషి ఉండాలి అన్నాడు.

“నీతో ఎవరొచ్చేరు?” అని నేనూ రోగుల్ని రోజూ అడుగుతాను, తలెత్తకుండానే. ఆ మాటకి కొందరు ఎందుకు తల దించుకుంటారో ఆ రోజు రైల్లో తిరిగొస్తుంటే అర్థమైంది.

బజార్లో హోల్‌సేల్ కిరాణా కొట్టు వాళ్ళావిడ ఆ ఆపరేషన్ చేయించుకుందని విని, ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. సగానికి సగం అయిపోయింది మనిషి. జాకెట్టు భుజాల దగ్గర వదులుగా వేలాడుతోంది.

“ఏటి సెప్పమంటారు సిస్టరుగోరూ,” అంది. “మోకాళ్ళ నొప్పి పోయింది, షుగరు మాత్రలు తగ్గేయి. మంచిదే. కానీ పెళ్ళిలో పంక్తిలో కూకోలేను. నాలుగు ముద్దలకే నిండిపోద్ది. లేచిపోతే వంట బాగోలేదేటని వొండినోళ్ళు బాధపడతారు. మొదట్లో జుట్టు గుప్పిళ్ళతో ఊడొచ్చేసింది. ఆకలి పోయింది గానీ తినాలన్న ఆశ పోలేదు. దాన్నెవుళూ కోసి తియ్యలేదు గదా.”

“మళ్ళీ చేయించుకోమంటే చేయించుకుంటారా?”

ఆవిడ లోపలి గదిలో పిల్లల మాటలు కాసేపు విని, “సేయించుకుంటాను. మా ఆయన ఉన్నాడు గదా, గంటగంటకీ నీళ్ళిచ్చి సూసుకున్నాడు,” అంది.

నాకు మిగిలింది సునాబెడలో ఉన్న అన్నయ్య కుటుంబం. అన్నయ్యకి ఫ్యాక్టరీలో ఉద్యోగం. వదినకీ నాకూ అంతంతమాత్రం. క్రిస్మస్ విందులో అందరి ముందూ “సాల్లే అమ్మీ, ఇంక పెట్టుకోకు” అని నా ప్లేటు వంక చూసే మనిషి ఆవిడ. అమ్మ పోయాక పండక్కి కూడా వెళ్ళలేదు నేను. ఇప్పుడు ఫోన్ చేసి, “వదినా, ఒక రాత్రి నా పక్కన పడుకుని, నాకు ఊపిరి ఆడుతోందో లేదో చూస్తావా?” అని అడగాల్సి వచ్చింది. అడగడానికి వారం తటపటాయించాను.

కొరాపుట్ దాకా రైల్లో, అక్కణ్ణుంచి బస్సులో వెళ్ళాను. వదిన నాకు మంచం వేసి, పక్కన నేల మీద చాప పరుచుకుంది.

పొద్దున వంటింట్లోకి వెళ్ళేసరికి ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. టీ గ్లాసు నా చేతికిచ్చి, అప్పుడు చెప్పింది.

“నువ్వు ఊపిరి ఆపేస్తన్నావమ్మీ. గురక పెడతావు, పెడతావు, ఠక్కున ఆగిపోద్ది. ముక్కు దగ్గర సెయ్యెట్టి సూసేను. గాలి లేదు. మళ్ళీ ఎగపీలుస్తావు. ఒకపాలి శానాసేపు రాలేదు. సచ్చిపోతావేమోనని బయమేసి భుజం పట్టుకుని పక్కకి తిప్పేసేను. నీకు తెలిసిందా?”

“లేదు వదినా.”

“అత్త సెప్పేది. ‘దాన్ని పక్కకి తిప్పితేగానీ నాకు నిద్దర్రాదు’ అనేది. గురక గోల పడలేక అనుకున్నాను నాను.”

నేనూ అలాగే అనుకున్నాను. “అమ్మీ, పక్కకి తిరుగు” అని అమ్మ తడితే నిద్రలోనే విసుక్కునేదాన్ని. అన్నేళ్ళూ ఆవిడ ఎన్నిసార్లు లేచి కూర్చుందో నాకేం తెలుసు? టీ తాగలేకపోయాను. వదిన గ్లాసు తీసుకుని మళ్ళీ వెచ్చబెట్టింది.

“చేయించుకోమంటావా?” అనడిగాను.

“నన్నడిగితే ఏటి సెప్తాను? నాకూ బయ్యమే. కోసింది మళ్ళీ అతకరు గదా. సేయించుకుంటే నానొస్తాను. అంతే నాను సెప్పగలిగింది.”

వెంటనే తేల్చుకోలేదు. నిద్ర పరీక్ష చేసి, ఊపిరి ఆగకుండా రాత్రిళ్ళు ముక్కుకి తగిలించుకునే మిషన్ ఇచ్చారు. దాంతో పగటి మత్తు వదిలింది. ఇంక కోత ఎందుకులే అనుకున్నాను. తిండి తగ్గించాను, తూకం కొంచెం తగ్గి మళ్ళీ పెరిగింది. ఒక రోజు వార్డులో ఒక ముసలమ్మ మంచం మీంచి జారిపోతుంటే మోకాళ్ళ మీద కూలబడి పట్టుకున్నాను. తోటివాళ్ళు ఆవిణ్ణి ఎత్తి పడుకోబెట్టేశారు. నేను మాత్రం లేవలేకపోయాను. మంచం కోడు పట్టుకుని ప్రయత్నిస్తుంటే వార్డంతా చూస్తోంది. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని లేపారు. ఆ సాయంత్రమే వదినకి ఫోన్ చేసి, “వస్తావా?” అన్నాను.

“ఎప్పుడు?” అంది.

వచ్చింది. విశాఖపట్నంలో ఆపరేషన్ అయ్యాక ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ స్టూలు మీద కూర్చుని, చెంచాతో నీళ్ళు పోస్తూ బైబిలు చదువుకుంది. ఇంటికొచ్చాక నాతో కొన్నాళ్ళుండి, రాగి జావ వడగట్టడం నేర్పి వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు గుమ్మంలో నా భుజం నిమిరి ఆటో ఎక్కింది.

ఏడాది దాటింది. మెట్లెక్కుతున్నాను. షుగరు అదుపులో ఉంది. చర్చిలో “ఎంత బాగున్నావో” అంటున్నారు, బజార్లో కొందరు గుర్తుపట్టడం లేదు. బరువు తగ్గితే ఇంకేదో కూడా మారుతుందని లోపల్లోపల ఆశపడ్డానని తగ్గాకే తెలిసింది. చిన్న కటోరీ గిన్నెలో అన్నం, పప్పు కలుపుకుంటే కాసేపట్లో అయిపోతుంది. ఆ తర్వాత సాయంత్రం చాలా పొడుగు. తిండి అంత పొద్దు గడిపించేదని నాకు తెలీదు.

మొన్న సునాబెడ నుంచి తిరిగొస్తున్నాను. ఇదివరకు రైల్లో నా పక్క మిగిలిన కాస్త జాగా చూసి జనం నిలబడే ఉండేవారు. ఈసారి కొండల మీంచి వచ్చిన ఒక దేశియా గిరిజన ఆవిడ పసుపు కొమ్ముల మూటతో ఎక్కి, అడగకుండానే నా పక్కన ఇరుక్కుని కూర్చుంది. సొరంగాల్లో చీకటి పడినప్పుడల్లా ఆవిడ భుజం నా భుజానికి ఆనుకుంది. కాసేపటికి నిద్రపోయింది. ఆవిడ ఊపిరి వింటూ నేను కదలకుండా కూర్చున్నాను. తన స్టేషన్ రాగానే లేచి, మూట తలకెత్తుకుని, వెనక్కి చూడకుండా దిగిపోయింది.