గొంగళ్ల సొమ్ము ఎవరి ఖాతాకు?

మా మామ గొంగళ్లు నేస్తాడు. సింహాద్రిపురం దగ్గరి మా ఊళ్లో గొర్రెలు కాసే ఇళ్లు చాలానే ఉన్నా, నేను కోడలిగా వచ్చేనాటికి మగ్గం ఆడుతున్నది మా ఇంట్లో ఒక్కటే. మిగతావి ఫ్యాక్షన్ రోజుల్లో ఆగిపోయాయి. ఊరు రెండు పార్టీలుగా చీలినప్పుడు జమ్మలమడుగు సంతలో గొంగడి ధర కంటే ముందు "నువ్వు ఎవరి మనిషివి?" అని అడిగేవారట. ఒకసారి సంత నుంచి వస్తుంటే ముందు పోతున్న జీపు మీద నాటుబాంబు పడింది. మామకు ప్రాణం దక్కింది, ఎడమ చెవి వినికిడి పోయింది. మళ్లీ సంతకు పోలేదు. ఇంటికి వచ్చి అడిగినవాళ్లకే అమ్మాడు.

నా కాలానికి బాంబులు తగ్గాయి గానీ పార్టీలు తగ్గలేదు. పింఛనుకైనా, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌కైనా మండల నాయకుడి గడప తొక్కాల్సిందే. పార్టీ అడగని అంగడి ఒకటి మాకుండాలని నాకు పంతం పుట్టింది. ప్రొద్దుటూరులో కంప్యూటర్ సెంటర్ నడిపే ఒక మేడమ్ దగ్గర మూడు నెలలు నేర్చుకుని, ఆమె సాయంతోనే మా గొంగళ్లకు వెబ్‌సైట్ పెట్టాను.

ఆర్డర్లు వచ్చాయి. వస్తువు అందాక డబ్బిచ్చే పద్ధతి పెట్టడంతో నాలుగు గొంగళ్లు బెంగళూరు దాకా పోయి, తీసుకునేవాళ్లు లేక తిరిగొచ్చాయి.

"ముందే డబ్బు కట్టే ఏర్పాటు లేకపోతే ఇది అంగడి కాదమ్మా, ఫొటోల ఆల్బమ్" అంది మేడమ్. కొనేవాళ్లు కార్డు మీదో ఫోన్ మీదో కట్టిన సొమ్ము అందుకుని, తమ రుసుము పట్టుకుని, మిగతాది మన బ్యాంకులో వేసే కంపెనీలు ఉంటాయని, వాటిలో ఒకటి ఎంచుకోమని చెప్పింది.

ఈ మాట ఊళ్లో ఎలా పొక్కిందో గానీ, రెండో రోజే నాయకుడి మనిషి బండి మీద మా ఇంటికి వచ్చాడు.

"ఏం పాపా, కంపెనీల కోసం ప్రొద్దుటూరు తిరుగుతాండావంట? పులివెందల్లో మన నాయకుని అల్లునికి ఆ ఏర్పాట్లన్నీ ఉండాయి. దుడ్లు ఆయన ఖాతాలో పడ్తాయి, వారం వారం మేమే తెచ్చిస్తాం. మనోళ్లుండంగా బయటోళ్లెందుకు?"

"ఆలోచించి చెప్తానన్నా."

"దీంట్లో ఆలోచించేదేముంది?" అని కాఫీ తాగి వెళ్లాడు.

మా ఆయన ఎర్రగుంట్లలో సిమెంటు లారీ నడుపుతాడు. ఫోన్ చేసి చెబితే, "సరే అను. రేపు బోరు ఆగిపోతే మళ్లీ వాళ్ల కాళ్లే పట్టుకోవల్ల" అన్నాడు. ఆయన భయం ఉత్తది కాదు. అయినా సొమ్ము వాళ్ల ఖాతాలో పడిననాడు అంగడి కూడా వాళ్లదే అవుతుందని నాకు తెలుసు. మరునాడు పొద్దున్నే ప్రొద్దుటూరు బస్సెక్కాను.

మొదటి కంపెనీ నా దరఖాస్తును తిప్పికొట్టింది. పాన్ కార్డులో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకులో అత్తింటి ఇంటిపేరు ఉన్నాయి. పైగా సైటులో సరుకు వాపసు నియమాలు లేవు. పులివెందుల బ్యాంకుకు వెళ్తే అక్కడి గుమాస్తా, "మీ ఆయన పేరు మీద పెట్టుకుంటే ఈ తిప్పలుండవు గదమ్మా" అన్నాడు. వినలేదు. మూడుసార్లు తిరిగి ఖాతాలో నా పుట్టింటి పేరే రాయించుకున్నాను. వాపసు నియమాలు నేనే తెలుగులో రాశాను: గొంగడి గరగరలాడుతుంది, అది లోపం కాదు, చిరుగు ఉంటే వారంలోగా తిప్పి పంపవచ్చు. మేడమ్ వాటిని ఇంగ్లీషులో పెట్టింది. ఈసారి దరఖాస్తుకు ముందే మిగతా కంపెనీలకు ఫోన్ చేసి చూశాను.

రెండో కంపెనీ రుసుము అన్నిటికన్నా తక్కువ. కానీ ఫోన్ చేస్తే మిషన్ గొంతు ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటుందే తప్ప మనిషి పలకడు. మూడో కంపెనీకి రుసుము కొంచెం ఎక్కువ. ఫోన్ చేస్తే ఒకామె తెలుగులో మాట్లాడింది.

"కొనే ఆయనకు దుడ్లు కట్ అయ్యి, నాకు చేరకపోతే ఎవురు బాధ్యులు?" అని అడిగాను.

"బ్యాంకు దగ్గరే ఆగిపోతే తిరిగి వాళ్లకే వెళ్తాయండీ. మా దాకా వచ్చి మీకు చేరకపోతే బాధ్యత మాదే."

"మళ్లీ ఫోన్ చేస్తే మీరే ఎత్తుతారా?"

ఆమె నవ్వింది. "నేను కాకపోతే ఇంకొకరు ఎత్తుతారండీ. తెలుగులోనే మాట్లాడతారు."

నమ్మకం కుదరక మర్నాడు ఇంకో ప్రశ్నతో మళ్లీ చేశాను. వేరే ఆమె ఎత్తింది, ఓపికగా చెప్పింది. ఆ సాయంత్రమే ఆ కంపెనీకి దరఖాస్తు పెట్టాను. వారం లోపల ఒప్పుకున్నారు.

నాయకుడి మనిషి మళ్లీ వచ్చినప్పుడు మామ వసారాలో మగ్గం మీది ఉన్ని దారాలకు చింతగింజల గంజి పట్టిస్తున్నాడు.

"అన్నా, కంపెనీ కుదిరింది. దుడ్లు నా ఖాతాకే వస్తాయి" అన్నాను.

"అంటే మా మీద నమ్మకం లేదనా?"

"నమ్మకం మాట కాదన్నా. కొనేటోళ్లు నన్ను చూసి కడ్తాండారు. తేడా వస్తే అడిగేది నన్నే. అట్లాంటప్పుడు సొమ్ము నా దగ్గరికే రావల్ల గదా?"

"మరి నాయకునికి ఏం చెప్పమంటావ్?"

పార్టీ మాటల్లో ఎన్నడూ నోరు విప్పని మామ గంజి కుంచె కింద పెట్టాడు. "కోడలు చెప్పిందే నా మాట అని చెప్పప్పా. ఓటు అడగండి, ఆలోచిస్తా. మగ్గం జోలికి మాత్రం రావాకండి."

అతను కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు.

ఆ ఎండాకాలం మా పక్క ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే బాగుచేయడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఊరికి అటు పక్కది ఒక్కరోజులో అయింది. ఎందుకో మాకు అర్థమైంది. బోరు ఆడక, అటు పక్క తోట నుంచి మా గొర్రెలకు బిందెలతో నీళ్లు మోశాను. లారీ దిగి వచ్చిన మా ఆయన నన్ను తిట్టలేదు. తనూ బిందె ఎత్తుకున్నాడు. కష్టంగానే ఉంది, కానీ ఖాతా మార్చాలన్న ఆలోచన నాకు రాలేదు.

ముందే డబ్బు కట్టిన మొదటి ఆర్డరు చిత్తూరు నుంచి ఒక టీచరమ్మ ఇచ్చింది. మరుసటి పనిదినం పొద్దున డబ్బు పడినట్టు ఫోనులో మెసేజ్ వచ్చింది. మామ దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు.

రెండేళ్లలో ఊళ్లో ఇంకో మూడు మగ్గాలు లేచాయి. ఆ ఇళ్ల ఆడవాళ్లు వచ్చి, "మా సొమ్ము కూడా నీ ఖాతాలోనే ఏయించుకో అక్కా, నీ మీద మాకు నమ్మకముంది" అన్నారు. వద్దన్నాను. ముగ్గురినీ వెంటబెట్టుకుని, ఎవరి ఖాతా వాళ్లకు తెరిపించడానికి పులివెందుల బస్సెక్కాను. ఇద్దరికి ఆ రోజే పనైంది. మూడో ఆమెకు ఇంటిపేరు కుదరలేదని తిప్పి పంపారు. తర్వాతి సోమవారం ఆమెతో మళ్లీ వెళ్లాను.